కుడికాలు ముందు

కాలేజీ ఆఫీసు మెట్లు దిగుతూ సంపత్కుమార్ మధ్యలో ఆగిపోయాడు. ఎడమ మోకాలి చిప్ప చుట్టూ గాజు పెంకు తిరిగినట్టయింది. కాలు ఒక్క క్షణం తనది కాకుండా పోయింది. రెయిలింగు చేతికి అందింది కాబట్టి పడలేదు. చంకలో ఉన్న ఫైళ్ళు మాత్రం కింది మెట్టు దాకా జారిపోయాయి. అటెండరు వచ్చి ఏమైంది సార్ అని అడిగితే చెప్పు జారిందన్నాడు. చెప్పు చక్కగా కాలికే ఉంది. అటెండరు అది చూసి, ఫైళ్ళు ఏరడానికి వంగాడు.

ఆ మెట్ల మీద పడి ఉంటే నలుగురు నవ్వేవాళ్ళు, అంతే. అతనికి చెమట పట్టింది అందుకు కాదు. ఆ క్షణంలో అతని కళ్ళకు కనిపించినవి తిరుపతి కాలేజీ మెట్లు కావు, తన ఊరి పెరుమాళ్ గుడి గోపురం మెట్లు. బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయి.

ఆ ఊరు పుత్తూరుకూ నగరికీ నడుమ ఉంది. గుడి చిన్నదే, పట్టింపులు పెద్దవి. పెరుమాళ్ వాహనాన్ని మోసే హక్కు కొన్ని ఇళ్ళకే ఉంది. ఒక్కో ఇంటికి మోత కొయ్య కింద ఒక చోటు. తాత తరవాత తండ్రి, తండ్రి తరవాత కొడుకు అదే చోట భుజం పెట్టాలి. సంపత్కుమార్ ఇంటిది ఎడమ కొయ్య, వెనక చివర. రోజూ బస్సులో పోయి వచ్చే తిరుపతి గుమాస్తా ఉద్యోగం అతనికి అన్నం పెడుతోంది. ఊళ్ళో మర్యాద మాత్రం ఆ కొయ్య చివర నుంచే వస్తోంది. ఉత్సవాల్లో భుజం కాయలు కాచేలా మోస్తే మిగతా ఏడాదంతా తీర్థం దగ్గర పేరు పెట్టి ముందు పిలుస్తారు. అంతకంటే ఏమీ ఇవ్వరు. ఆ కాస్త పిలుపు కోసం మనుషులు ఏమైనా చేస్తారు.

మిగతా వాహనాల సంగతి ఎలా ఉన్నా గరుడ సేవ వేరు. ఆ రోజు తెల్లవారుతుండగా గరుడ వాహనం గోపుర వాకిలి దాటి, మెట్లు దిగి, వీధిలోకి రావాలి. ఇత్తడి రేకు తొడిగిన చేవ కొయ్య గరుత్మంతుడు, పైన స్వామి, స్వామిని పట్టుకుని వెనక నిలబడే అర్చకుడు. దిగేటప్పుడు స్వామి ముందుకు వాలకూడదు. అందుకని ముందువాళ్ళు కొయ్యల్ని భుజాల మీంచి ఎత్తి అరచేతులతో తలపైన పట్టాలి. వెనకవాళ్ళు మోకాళ్ళు వంచి, కూర్చోబోయేవాళ్ళలా కుంగుతూ దిగాలి.

దానికి తోడు ఇంకో నియమం. స్వామితో గడప దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టాలి. అది అన్ని చోట్లా ఉన్నదే. ఈ ఊరివాళ్ళు గడపతో ఆగలేదు. ప్రతి మెట్టుకూ కుడికాలే. కుడికాలు కింది మెట్టు మీద పెట్టి, ఎడమది దాని పక్కకు తెచ్చి, మళ్ళీ కుడికాలు. కుడికాలు గాలిలో ఉన్నంతసేపూ బరువంతా పైమెట్టు మీద వంగిన ఎడమ మోకాలిదే. ఇరవై ఏళ్ళకు పైగా సంపత్కుమార్ ఎడమ మోకాలు అలాగే దిగుతోంది. అంతకు ముందు అతని నాయనది దిగింది. నాయన చివరి రోజుల్లో ఎడమ కాలు ఈడ్చేవాడు. వయసని అందరూ అనుకున్నారు. ఎవరూ మెట్ల వైపు చూడలేదు.

ఆ మెట్ల మీద ఒకసారి తప్పు జరిగింది. సంపత్కుమార్ చిన్నప్పుడు చిన్నబ్బ అనే ఆయన కుడి కొయ్య వెనక మోసేవాడు. ఒక గరుడ సేవకు ఆయన కాలు మడత పడింది. వాహనం ఒరిగింది. పక్కవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి స్వామి పడలేదు. గరుత్మంతుడి రెక్క రాతి గోడకు కొట్టుకుని విరిగింది. సంప్రోక్షణ చేశారు, రెక్క అతికించారు, చిన్నబ్బ తప్ప అన్నీ సర్దుకున్నాయి. ఆ ఏడు వాన పడకపోతే చిన్నబ్బ వల్ల. ఎవరింట్లో కడుపు పోతే చిన్నబ్బ వల్ల. ఆయన చచ్చేదాకా ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. ఆ అరుగు ముందు నుంచి పోవాలంటే పిల్లలు పరుగెత్తేవాళ్ళు. ఆ పిల్లల్లో సంపత్కుమార్ ఒకడు. చిన్నబ్బ పోయినాక ఇంటివాళ్ళు బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనికి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఊళ్ళో ఇప్పటికీ ఆయనకు పేరు లేదు, ‘సామిని ఒరగేసినోడు’ అనే అంటారు.

సంపత్కుమార్ ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే సాయంత్రానికి గుడి దాకా తెలుస్తుంది. తిరుపతి బస్టాండు వెనక సందులో ఉదయలక్ష్మి అనే ఫిజియోథెరపిస్టు ఉందని విని, మధ్యాహ్నం అన్నం వేళ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

ఆమె చిప్ప మీద అరచెయ్యి ఆనించి కాలు వంచి చాచమంది. లోపల ఇసుక నలిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. పొట్టి పీట ఒకటి అద్దం ముందు వేసి, ఎడమ కాలి మీద నిలబడి కాస్త కుంగమంది. అద్దంలో అతని మోకాలు నిటారుగా వంగకుండా పక్క మోకాలి వైపు ఒరిగింది. చిప్ప తన గాడిలో జారాలి, తొడ ముందు కండా తుంటి పక్క కండా దాన్ని సరిగ్గా లాగి పట్టుకోవాలి, ఆ రెండూ నీరసపడితే చిప్ప గాడి అంచుకు రాసుకుంటుంది, నొప్పి అక్కడిదే అని ఆమె వివరించింది. సంపత్కుమార్‌కు కోపం వచ్చింది. వాహనం మోసేవాడి తొడకు నీరసమా అన్నాడు. ఆమె టేపు తెచ్చి రెండు తొడలూ కొలిచింది. ఎడమది కళ్ళకు కనిపించేంత సన్నబడింది.

ఆమె నేర్పిన కసరత్తు చూస్తే అతనికి నవ్వొచ్చింది. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి కాసేపు పట్టాలి. వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, నొప్పి కాలు వంచకుండా మెల్లగా లేపి మెల్లగా దించాలి. పక్కకు తిరిగి పడుకుని పైకాలు లేపాలి. గోడకు వీపు ఆనించి కాస్త మాత్రమే కుంగాలి. నొప్పి మొదలయ్యే చోటికి ముందే ఆగిపోవాలి. పీట దిగే కసరత్తు ఇప్పుడే వద్దు, కండ వచ్చినాక తానే చెప్తానంది. కండ ఎప్పటికి వస్తుందంటే రెండు నెలలైనా పడుతుందంది.

రెండు నెలలు అతని దగ్గర లేవు.

అక్కడే అతను బుద్ధి తక్కువ పని చేశాడు. వాహనం మోసే ఇళ్ళలో భుజం మీద బరువు లేనిది కసరత్తే కాదని లెక్క. మీసాలు రాని వయసు నుంచే వడ్ల మూటలు మోసి అలవాటు చేస్తారు. తువ్వాలు నొక్కే పని బాలింతలదని అతనికి తోచింది. అతన్ని భయపెడుతున్నది మెట్టు, కాబట్టి మెట్టు మీదే తేల్చుకోవాలనుకున్నాడు. మిద్దె పైకి వెళ్ళి, సజ్జా పక్క ఉన్న దిమ్మె మీద నిలబడి, భుజాన బియ్యం మూట పెట్టుకుని, కుడికాలు ముందు వేసి దిగడం మొదలుపెట్టాడు. మూడు రోజులు ఆనందంగా చేశాడు. నాలుగో రోజు పొద్దున మోకాలు పనసకాయలా ఉబ్బింది. పంచె అంచు దాని మీద ఆనినా ప్రాణం పోయేట్టుంది.

ఉదయలక్ష్మి చూసి ముఖం మాడ్చుకుంది. ఏం చేశారంటే మొదట అబద్ధం చెప్పాడు, తరవాత నిజం చెప్పాడు. ఎలా దిగారో చూపించమంది. అతను పీట ఎక్కి దిగి చూపించాడు. ఆమె ఇంకోసారి చూపించమంది.

“సార్, మీరు తిరగేసి దిగతా ఉండారు” అంది. “దిగేటప్పుడు నొప్పి కాలు ముందు కింద పెట్టాల. మంచి కాలు పైన ఉండి బరువు పట్టుకోవాల. మీరు చెడిన కాలి మీదనే అంతా పెడతా ఉండారు.”

“కుడికాలే పెట్టాలమ్మా. సామితో దిగేటప్పుడు.”

“ఎవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలా. అట్లే దిగతారు.”

నాకు తెలిసింది మోకాలే, గుడి సంగతి మీ పెద్దలను అడగండి అని ఆమె ఊరుకుంది. మోకాలిలో చేరిన నీళ్ళు తగ్గేదాకా ఐసు పెట్టమని, తువ్వాలు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టమని చెప్పింది. ఉత్సవం నాటికి నొప్పి తగ్గొచ్చు, అంత బరువుతో మెట్లు దిగితే కాలు నిలుస్తుందని మాత్రం తాను మాటివ్వనంది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఆ తరవాత అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. భక్తితో కాదు, భయంతో. బస్సులో కూర్చున్నప్పుడు చిప్ప లోపల సలుపు మొదలైతే ముందు సీటు కింద కాలు చాచి తొడ బిగించేవాడు. ఆఫీసులో బల్ల కింద బిగించేవాడు. తొడలో గట్టిదనం కొద్దికొద్దిగా వేళ్ళకు తగిలేది. తగిలిన ప్రతిసారీ ఇది చాలదని తెలిసేది. కళ్ళు మూస్తే పైమెట్టు మీద ఒంటిగా మిగిలిపోయిన ఎడమ మోకాలు కనిపించేది. దాని మీద గరుత్మంతుడు, దాని మీద స్వామి, స్వామి వెనక డెబ్బై దాటిన అర్చకుడు.

భార్య కుముదవల్లికి అతను ఏమీ చెప్పలేదు. ఆమె ఒక సాయంత్రం గది తలుపు తోసేసరికి గోడకు వీపు ఆనించి సగం కుంగి, పళ్ళు బిగబట్టి ఉన్నాడు. చాలా రోజులుగా తెలుసునని, తువ్వాలు ఎందుకు చుట్టలు చుట్టుకుపోతోందో చూడలేనంత గుడ్డిదాన్ని కాదని అంది. ఈ ఏడాదికి తప్పుకోమంది. అతను అరిచాడు. తప్పుకున్న ఇల్లు మళ్ళీ కొయ్య కిందికి రాదని, నాయన ఆత్మ శాంతించదని, ఇంకా నోటికొచ్చినవన్నీ అన్నాడు. ఆమె అంతా విన్నది. గరుడ సేవ నాడు హారతి పళ్ళెం పట్టుకుని మెట్లకు ఎడమ పక్కన నిలబడడం ఆమె వాడుక, మొగుడు మోసే పక్క.

“పడితే నా మీదనే పడండి” అంది. “నేను ఆడనే నిలబడతా.”

ఆ మాట విన్నాక అతనికి మెట్లతో పాటు ఆ పళ్ళెం కూడా కనిపించడం మొదలైంది.

ఉత్సవానికి ముందు గుడి ప్రాకారంలో మోత సరిచూస్తారు. ఉత్త కొయ్యల మీద వడ్ల మూటలు కట్టి మోసేవాళ్ళ ఎత్తులు చూసి నిలబెడతారు. ఆ పని వరదయ్యది. ఆయన మోయడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ముందు నడుస్తూ అడుగు చెప్తాడు. ఆయన ‘ఊఁ’ అంటే ఎనిమిది కుడికాళ్ళు లేవాలి. మోత ముగిసి అందరూ నీళ్ళు తాగుతుంటే సంపత్కుమార్ ఆయన్ను పక్కకు పిలిచాడు. ఉబ్బు సంగతి, తొడ సంగతి, ఉదయలక్ష్మి చెప్పిన ఎడమ కాలి సంగతి ఒకదాని వెంట ఒకటి చెప్పేశాడు. ఆ ఒక్క చోట, ఆ నాలుగు మెట్లూ, అందరూ ఎడమ కాలు ముందు పెట్టి దిగితే చాలన్నాడు.

వరదయ్య నోట్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు.

“రేపు నీ కూతురికి తాళి కట్టేవోడు ఎడంచేత్తో కడతానంటే ఊరుకుంటావా అప్పా?”

వరదయ్య కండువాతో మూతి తుడుచుకున్నాడు.

“మొయ్యలేకపోతే పక్కకు నిలబడు. తప్పు లేదు. భానుచందర్ ఎత్తు సరిపోతాది, వాణ్ణి పెడతా. అయితే గరుడ సేవకు వదిలిన చోటు మళ్ళా ఇంటికి రాదు. నీకు తెలవంది కాదు.”

తెలుసు. భానుచందర్ అక్కడే, కొయ్యకు కట్టిన తాళ్ళు విప్పుతూ ఉన్నాడు. దిట్టమైన కుర్రాడు, పుత్తూరులో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, వాళ్ళ ఇంటికి ఏ చోటూ లేదు. వాడు తల ఎత్తలేదు గానీ తాడు విప్పే చెయ్యి ఆగింది. మోస్తానని సంపత్కుమార్ చెప్పాడు.

గరుడ సేవ నాడు చుక్క పొద్దుకే గోపురం ముందు జనం నిండిపోయారు. సంపత్కుమార్ మోకాలికి పట్టీ బిగించి పైన పంచె కచ్చ కట్టాడు. భుజం మీద చుట్టగుడ్డ పెట్టి కొయ్య కిందికి దూరాడు. వాహనం లేచింది. పక్కన కుడి కొయ్య చివర లక్ష్మీనరసింహ, చిన్నప్పటి నుంచి తోడు మోసినవాడు. వాడి ఊపిరి వినిపిస్తోంది. తన ఊపిరి తనకు వినిపించలేదు.

గడప దగ్గర వరదయ్య ‘ఊఁ’ అన్నాడు. కుడికాలు గడప దాటింది. బయట తెల్లగా వెలుతురు, గొడుగులు, మేళం. ఎడమ పక్కన వరసగా హారతి పళ్ళేలు. అతను అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. కుముదవల్లి తాను చెప్పిన చోటే ఉంది.

మొదటి మెట్టు. కుడికాలు గాలిలోకి లేచింది. బరువంతా ఎడమ మోకాలి మీదికి వచ్చింది. తొడ బిగించాడు. గాజు పెంకు తిరిగింది, మోకాలు వణికింది, నిలిచింది. ఇన్నాళ్ళ కసరత్తు ఆ ఒక్క మెట్టుకు సరిపోయింది.

రెండో మెట్టు మీద నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అతన్ని హడలెత్తించింది. చిప్ప చుట్టూ ఏమీ లేదు, కాలే లేదు. ఆఫీసు మెట్ల మీద ఆ రోజు ఎలా పోయిందో అలా పోతోంది. ఎలాగో కుడికాలు కింద ఆనింది. ఎడమది దాని పక్కకు చేరింది. ముందు ఇంకా రెండు మెట్లు. పైన ఎక్కడో అర్చకుడు మంత్రం చదువుతున్నాడు. ఇంకోసారి ఆ మోకాలి మీద నిలబడితే పడతాడని అతనికి ఆకలి తెలిసినంత స్పష్టంగా తెలిసింది.

వరదయ్య ‘ఊఁ’ అన్నాడు. సంపత్కుమార్ ఎడమ కాలు ముందు పెట్టాడు.

ఏడుగురు ఒక వైపు ఊగితే అతనొక్కడు ఇంకో వైపు ఊగాడు. కొయ్య మెడ మీద కొట్టింది. వాహనం ఎడమకు విసురుగా కదిలింది. పైన అర్చకుడి మంత్రం తెగిపోయింది, గొడుగు పక్కకు వాలింది, జనం గొంతుల్లోంచి ఒకటే మూలుగు లేచింది. పళ్ళెం ఒకటి రాతి మీద మోగింది. కర్పూరం మండుతూ అతని పాదం పక్కకు దొర్లింది. పైమెట్టు మీద కుడికాలు ఉంది. అది వంగింది, బరువు పట్టింది, కదల్లేదు. లక్ష్మీనరసింహ బూతు ఒకటి మింగి తన వైపు ఇంకా కుంగాడు. వాహనం నిలబడింది.

ఆఖరి మెట్టు కూడా అతను ఎడమ కాలితోనే దిగాడు. ఈసారి అక్కడున్నవాళ్ళందరూ చూశారు.

వీధి మొదట్లో ఉన్న మంటపంలో వాహనాన్ని దించారు. రెక్కలు రెండూ ఉన్నాయి. స్వామి మెడలో ఒక దండ జారింది, అంతే. అర్చకుడు దాన్ని సరిచేశాడు. నీళ్ళ చెంబు అందరి చేతులూ తిరిగింది గానీ సంపత్కుమార్ దగ్గర ఆగలేదు. వరదయ్య వచ్చి అతని భుజం మీది చుట్టగుడ్డ తీసుకున్నాడు. దులిపి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

“సామి కింద పడలా” అన్నాడు. “అది నీకు మిగిలింది. కొయ్య మిగల్లా.”

అంత మెల్లగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. భానుచందర్ అతని కళ్ళలోకి చూడకుండా వచ్చి ఎడమ కొయ్య చివర నిలబడ్డాడు. వాహనం లేచింది. మేళం అందుకుంది. జనం దాని వెంట కదిలారు. అతన్ని దాటేటప్పుడు ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు.

కుముదవల్లి పళ్ళెం లేకుండా వచ్చింది. ఆమె చేతి వేళ్ళు రెండు కర్పూరానికి కాలి తెల్లగా పొంగాయి. ఇంటికి పోదామంది. స్వామి వీధిలో ఉండగా పోకూడదని అతను అనబోయి మానుకున్నాడు. ఇద్దరూ సందులోంచి నడిచారు. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు, ముందుకూ పోలేదు.

ఇంట్లో ఆమె వేళ్ళకు నీళ్ళు పోసుకుంటుంటే అతను వాకిట్లో నిలబడ్డాడు. మోకాలు మళ్ళీ ఉబ్బుతోంది. అది అతనికి ఇప్పుడు పట్టలేదు. వాహనం ఊరంతా తిరిగి మళ్ళీ గుడి చేరాలి. ఈ లోపల ఏ కాలు జారినా, ఏ తాడు తెగినా, ఏ గొడుగు విరిగినా భానుచందర్ పేరు ఎవరూ ఎత్తరు. మెట్ల మీద ఎడమ కాలు పెట్టినవాడి పేరే ఎత్తుతారు. ఈ రోజే కాదు, ఈ ఏడంతా, ఆ తరవాత కూడా. అది అతనికి మంటపంలోనే తెలిసింది. నీళ్ళ చెంబు దాటిపోయినప్పుడు.

తూర్పు వీధి నుంచి డోలు వినిపిస్తోంది. అతను చెవి అటే పెట్టి నిలబడ్డాడు. ఉన్నట్టుండి డోలు ఆగింది. సంపత్కుమార్ వాకిలి స్తంభం పట్టుకున్నాడు. ఎవరింటి ముందో హారతికి ఆగి ఉంటారని కుముదవల్లి లోపలి నుంచే అంది. అవునన్నట్టు కాసేపటికి డోలు మోగింది. అతను ఊపిరి వదిలాడు.

మూల తిరిగే చోట అది మళ్ళీ ఆగింది.